రెండున్నరేండ్ల పిల్లకు టై కట్టే ముందు

జూన్ నెల నడిమి. పొద్దున ఏడున్నర. మా గల్లీ మొగదల బడి రిక్షా వచ్చి హారన్ కొడుతుంది. ఒక తల్లి చంకలో పిల్లను ఎత్తుకొని ఉరుకుతుంది. ఆ పిల్లకు రెండేండ్లు నిండి నాలుగు నెలలు. మెడలో ఎలాస్టిక్ టై, కాళ్లకు బూట్లు, వీపున తనంత సంచి. రిక్షాలో ఎక్కించగానే ఏడుపు మొదలు. రిక్షా అశోక్ చౌక్ దిక్కు మళ్లేదాకా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. తల్లి కాసేపు అక్కడే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకొని, ఇంటికొచ్చి చాట ఒళ్లో పెట్టుకుంటుంది. రేపు పొద్దున కార్ఖానాకు వెయ్యి బీడీలు ఇయ్యాలె.

షోలాపూర్ తూర్పు భాగంలో ఏటా చూసే సంగతే ఇది. భివండిలో ఉన్న మా మరదలూ ఇదే చెప్తుంది. అక్కడ బీడీలు కాదు, ఇంటాయనకు సాంచాల మీద రాత్రి పాళీ. పగలు ఆయన పడుకోవాలంటే ఉన్న ఒక్క గదిలో పిల్ల ఉండకూడదు. అందుకని పిల్ల బడికి.

ఆ తల్లిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఒకప్పుడు ఆ గల్లీ మూలన కొంగుతో మొహం తుడుచుకున్నది నేనే.

"పిల్లను ఎప్పుడు బడిలో వేయాలె అక్కా?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. 2004 నుంచి 2022 దాకా 18 ఏండ్లు అంగన్‌వాడిలో మదత్‌నీస్‌గా పనిచేశాను, అందుకు. సేవిక తాయీ పాటలు, కథలు చెప్పేది. ఇండ్లకు పోయి పిల్లలను పిలుచుకొచ్చుడు, ఖిచిడి వండుడు, ముక్కులు తుడుచుడు, తడిసిన చడ్డీలు మార్చుడు నా పని. చదువు గురించి పెద్ద మాటలు నాకు రావు. కానీ ఏ పిల్ల వారానికి కుదురుకుంటుంది, ఏ పిల్ల నెల దాటినా కుదురుకోదు అనేది చడ్డీలు మార్చినవాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉంటే మా చిన్నోడికి ఆ బాధ తప్పేది.

1999 సంగతి. మా ఆయన పనిచేసే మిల్లు మూతబడ్డది. టవళ్ల కార్ఖానాలో సాంచాల మీద పన్నెండు గంటల పాళీ దొరికింది, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. వచ్చే పైసలు చాలక నేను ఆరు వందల బీడీల నుంచి వెయ్యికి పెంచాను. మా అత్తమ్మ అప్పటికే కాలం చేసింది. చిన్నోడికి రెండేండ్ల నాలుగు నెలలు. నేను బీడీలు చుడుతుంటే చాటలో చెయ్యి పెట్టేవాడు, కత్తెర గుంజుకునేవాడు. ఒకరోజు తంబాకు నోట్లో వేసుకొని వాంతి చేసుకున్నాడు. ఆ రోజే అనుకున్నాను, వీణ్ణి బడిలో వేయాలని. ఎవరైనా అడిగితే మాత్రం, "మావోడు మస్తు హుషారు, ఏబీసీడీ చెప్తడు, అందుకే తొందరగ వేసినం" అని చెప్పేదాన్ని. అడిగిన వాళ్లు నమ్మారు. నేనూ నమ్మాను.

రెండు గదుల నర్సరీ అది. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. నెలకు 150 రూపాయలు, యూనిఫాం పైసలు వేరే. టీచర్లు మరాఠీ వాళ్లు. మావోడికి ఇంట్లో వచ్చిన మాట "ఉచ్చ". అక్కడ పిల్లలు అనే మాట "శూ". వాడు వచ్చి "ఉచ్చ, ఉచ్చ" అంటే టీచర్‌కు ఏం తెలుస్తుంది? కూర్చోమంది. వాడు కూర్చున్నచోటే తడుపుకున్నాడు, పక్క పిల్లలు నవ్వారు. రెండు మూడుసార్లు అట్లా అయ్యాక వాడే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. పొద్దున లేచినప్పటి నుంచి నీళ్లు ముట్టేవాడు కాదు. తాగకపోతే పోయే పని ఉండదు కదా. బడి నుంచి వచ్చాక కూడా ఆపుకొని ఆపుకొని తిరిగేవాడు. ఇంట్లో మాట్లాడడం తగ్గింది. నేను మొండితనం అనుకున్నాను. రెండు దెబ్బలు కూడా వేశాను. ఆగస్టులో జ్వరం వచ్చింది, ఒంటికి పోతే మంట అని కేకలు పెట్టాడు. డాక్టరు మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడు. "వీడు నీళ్లు తాగుతలేడా? ఆపుకుంటున్నడా?" అని అడిగాడు. నాకు అప్పటిదాకా తట్టలేదు. రెండేండ్ల పిల్లగాడు భయపడి దాహం ఆపుకుంటాడని ఎవరికి తడుతుంది?

దసరాకు ముందే మానిపించాను. కథ అక్కడితో ఆగితే బాగుండేది. చిన్నోడు ఇంట్లో ఉంటే వాణ్ణి ఎవరు చూడాలి? మా పెద్ద బిడ్డకు అప్పుడు ఎనిమిదేండ్లు, మూడో తరగతి. వారంలో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు దాన్ని బడి మానిపించాను. "ఇయ్యాల ఒక్కరోజు తమ్మున్ని చూస్కో బిడ్డా" అనేదాన్ని. ఏప్రిల్ దాకా ఆ ఒక్కరోజులు వస్తూనే ఉన్నాయి. ఎక్కాలు నేర్పిన ఏడు అది. మా బిడ్డ ఇప్పటికీ ఏడో ఎక్కం దగ్గర వేళ్లు మడుస్తుంది.

అందుకే, "పిల్ల తయారయ్యేదాకా ఆగండి, తొందరేం ఉంది" అని ఎవరైనా తేలిగ్గా చెప్తే నాకు కోపం వస్తుంది. ఆగడానికీ ఖర్చు ఉంటుంది. మన ఇండ్లలో ఆ ఖర్చు కట్టేది చాలాసార్లు పెద్ద ఆడపిల్ల.

ఈ సంగతి మనకంటే చాలా ముందే కనిపెట్టినవాళ్లు మహారాష్ట్రలోనే ఉన్నారు. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్. 1945లో సముద్రం ఒడ్డున బోర్డీ అనే ఊళ్లో పల్లె పిల్లల కోసం బాల్వాడి మొదలుపెట్టారు. ఆదివాసీ పిల్లలు బాల్వాడికి రాకపోతే వీళ్లే వాళ్ల గూడేలకు పోయి, ఇంటి ముందు వాకిట్లో పిల్లలను కూర్చోబెట్టి ఆడించారు, నేర్పారు. అంగణ్ అంటే వాకిలి కదా, అంగన్‌వాడి అనే ఆలోచనకు మొదలు అక్కడే. తర్వాత కోస్‌బాడ్ కొండ మీద ఇంకో మాట గమనించారు. పెద్ద పిల్లలు బడికి రాకపోవడానికి కారణం చంకలో ఉన్న చిన్న పిల్లలు. అందుకని చంటిపిల్లలను చూసే చోటు, బాల్వాడి, ప్రాథమిక బడి మూడూ ఒకే కప్పు కింద నడిపారు. అక్క చదువుకుంటుంది, తమ్ముడు పక్క గదిలో ఆడుకుంటాడు. 1975లో అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీల పథకం మొదలుపెట్టింది. పేరు తీసుకున్నారు గానీ చంటిపిల్లలను చూసే గదిని మాత్రం అన్నిచోట్లా తీసుకోలేదు. మూడేండ్లలోపు పిల్లలకు అంగన్‌వాడి నుంచి ఇంటికి ఇచ్చే పోషకాహారం వస్తుంది, బరువు చూస్తారు, టీకాలు వేయిస్తారు. రోజూ కూర్చోబెట్టుకొని ఆడించేది మూడు నిండినవాళ్లనే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేండ్లలోపు పిల్లలకు ఒక గది ఉండాలని రాశారు. పెద్ద మిల్లులున్న కాలంలో ఆ మాటకు అర్థం ఉండేది. ఇప్పుడు మిల్లులు పోయి పన్నెండు, పదహారు సాంచాల చిన్న చిన్న షెడ్లు మిగిలాయి. బీడీల పని ఇంటి గడప మీదికి వచ్చింది. వెయ్యి మంది ఆడవాళ్లం ఒకే కంపెనీకి పనిచేస్తున్నా ఒకే కప్పు కింద లేము. ఆ గది మనకు ఎట్లా వస్తుంది?

కాబట్టి బడి పేరు ఎత్తే ముందు ఇంట్లో ఒక మాట నిజాయితీగా తేల్చుకోవాలి. అవసరం పిల్లదా, మనదా? మనదే అయితే అందులో సిగ్గుపడేది ఏం లేదు. బీడీలు చుట్టకపోతే పొయ్యి వెలగదు. కానీ అవసరం మనదని ఒప్పుకుంటే వెతికే చోటు మారుతుంది. రెండేండ్ల పిల్లకు కావలసింది ఒక ఒడి, పడుకోవడానికి చాప, వేళకు అన్నం, దాని మాట అర్థమయ్యే మనిషి. టై, బెల్టు, డైరీ కాదు. నర్సరీకి కట్టే ఫీజుతో పక్కింటి ముసలమ్మకు నెలకు ఇంత అని ఇచ్చి పిల్లను చూడమంటే అదే మేలైన చదువు. మా గల్లీలో ఇద్దరు తోడికోడళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున ఒకామె ఇద్దరి పిల్లలను చూస్తుంది, రెండో ఆమె బీడీలు చుడుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మారుతారు. ఇద్దరికీ రోజుకు ఆరేడు వందలకు తక్కువ పడడం లేదు. పెద్ద పిల్లలు బడి మానడం లేదు. తోడికోడళ్ల మధ్య మాట బాగుంటేనే ఇది నడుస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి.

ఇక పిల్ల తయారైందా లేదా అనే సంగతి.

తల్లులు నాతో అనే మొదటి మాట, "మా పిల్లకు అన్ని వస్తయి అక్కా." అన్నీ అంటే ఏబీసీడీ, వన్ టూ త్రీ, ఫోన్‌లో చూసిన ఇంగ్లీషు పాట. సంతోషమే. కానీ బాల్వాడి గడప దాటాక మొదటి నెలలో అవేవీ అక్కరకు రావు. అక్కరకు వచ్చేవి వేరే. తల్లి కాని మనిషి దగ్గర రెండు గంటలు ఉండగలదా? ఒంటికి వస్తే, కడుపు నొస్తే, దాహమైతే నోటితోనో సైగతోనో చెప్పగలదా? పడి ఏడిస్తే కొత్త మనిషి ఎత్తుకుంటే ఊరుకుంటుందా, ఇంకా బిగుసుకుపోతుందా? "చెప్పులు విప్పి అక్కడ పెట్టి చాప మీద కూర్చో" అంటే రెండు పనులూ గుర్తుపెట్టుకొని చేస్తుందా? నాలుగు ముద్దలు తన చేత్తో తింటుందా? సగం కింద పోసుకున్నా సరే. ఇందులో చాలావరకు వస్తే ఆ పిల్లకు అక్షరం ముక్క రాకపోయినా నేను భయపడేదాన్ని కాదు.

రెండేండ్ల పిల్లకూ మూడేండ్ల పిల్లకూ ఉండే పెద్ద తేడా కాలం. రెండేండ్ల దానికి "అమ్మ మళ్ల వస్తది" అనే మాటకు అర్థం ఉండదు. కండ్ల ముందు లేదంటే లేదనే. మూడు దగ్గరికి వచ్చిన పిల్లకు "ఖిచిడి తిన్నంక అమ్మ వస్తది" అంటే పట్టుకుంటుంది. గంటలు తెలియవు గానీ ఖిచిడి తెలుసు. ఖిచిడి గిన్నె దిగగానే తలుపు దిక్కు చూసి నవ్వే పిల్లలను ఎంతమందినో చూశాను. ఇంకో తేడా ఆటలో. మూడేండ్లలోపు పిల్లలు పక్కపక్కన ఆడతారు గానీ కలిసి ఆడలేరు. బొమ్మ గుంజుకుంటే అది దుడుకుతనం కాదు, ఆ వయసు అంతే. నలభై మందిని ఒక గదిలో వేసి "పంచుకోండి" అంటే ఎట్లా పంచుకుంటారు?

అయినా వయసు ఒక్కటే చూడొద్దు. రెండున్నరకే వచ్చి మూడో రోజు నన్నే "ఖిచిడి ఇంకా కాలేదా" అని అజమాయిషీ చేసిన పిల్ల ఉంది. నాలుగు నిండినా నా కొంగు వదలని పిల్లగాడు ఉన్నాడు. ఉమ్మడి ఇంట్లో పది చేతులు మారి పెరిగిన పిల్ల తొందరగా కుదురుకుంటుంది. తల్లి ఒక్కతే లోకంగా పెరిగిన పిల్లకు వ్యవధి కావాలి. అందులో ఎవరి తప్పూ లేదు.

వయసు లెక్క ఒకసారి వేళ్ల మీద వేసుకోండి. ఒకటో తరగతికి ఆరేండ్లు. 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది అదే, మూడు నుంచి ఆరు దాకా మూడేండ్లు ఆటపాటలతో బాల్వాటిక, ఆ తర్వాతే ఒకటి. మహారాష్ట్రలో డిసెంబరు 31ని గీటుగా పెట్టుకున్నారు. ఆ ఏడు డిసెంబరు 31కి మూడు నిండితే నర్సరీకి, ఆరు నిండితే ఒకటో తరగతికి తీసుకోవచ్చు. అంటే జనవరిలో పుట్టిన పిల్ల జూన్‌లో నర్సరీకి వచ్చేసరికి మూడేండ్ల అయిదు నెలలది. నవంబరులో పుట్టిన పిల్ల రెండేండ్ల ఏడు నెలలది. ఇద్దరూ ఒకే చాప మీద. నవంబరు పిల్ల వెనకబడితే "మొద్దు" అనకండి, పక్కపిల్ల దానికంటే పది నెలలు ఎక్కువ అన్నం తిన్నది. నిబంధన తీసుకోవచ్చు అంటుంది, తీసుకొచ్చి తీరాలి అనడం లేదు. మీకు అనుమానంగా ఉంటే ఒక ఏడు ఆగండి. రెండుకే వేసినా పిల్ల ఒకటో తరగతికి చేరేది ఆరేండ్లకే. నడుమ ఇంకో ఏడు ఫీజు కట్టడమే మిగులుతుంది.

పుట్టిన తేదీ జరిపి రాయించి తొందరగా వేసేవాళ్లు మన బస్తీలో ఇంకా ఉన్నారు. ఆధార్‌లో ఒకటి, బడి దాఖలాలో ఒకటి పడితే పదో తరగతి నాటికి ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరే. ప్రైవేటు బడుల్లో చదువు హక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు ఉన్నాయి. ఆ దరఖాస్తుకు కూడా సరైన పుట్టిన తేదీ పత్రమే అడుగుతారు.

మాట సంగతికి వస్తాను, ఎందుకంటే మావోడు దెబ్బ తిన్నది అక్కడే. మన ఇండ్లలో తెలుగు, గల్లీలో తెలుగు, మరాఠీ, కన్నడం, బడిలో మరాఠీయో ఇంగ్లీషో. పిల్లకు బడి కష్టమవుతుందని ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని మరాఠీ మొదలుపెట్టే తల్లులను చూశాను. ఒక టీచర్ అయితే అట్లా చేయమనే చెప్పింది. వద్దు. ఇంట్లో ఒక భాష బాగా వచ్చిన పిల్ల రెండోది తొందరగా పట్టుకుంటుంది. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. లెక్క చూసేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. మానేసే బదులు ఒక పని చేయండి. బడి తెరిచే ముందు మే నెలలో నాలుగు మాటలు నేర్పండి: శూ, పాణీ, నకో, తాయీ. ఆడుకుంటూ నేర్పితే వారంలో వస్తాయి. మొదటి రోజే టీచర్ దగ్గరికి పోయి, "మా పిల్ల ఉచ్చ అంటే శూ అని" చెప్పి రండి. నేను అంగన్‌వాడిలో చేరాక తెలుగు పిల్లల తల్లులను మొదట అడిగిన ప్రశ్న ఇదే, ఇంట్లో దాన్ని ఏమంటారని. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. అన్నీ కంఠతా పట్టాను.

మే నెలలో ఇంకో అలవాటు కూడా చేయించాలి. పిల్లను చిన్నమ్మ దగ్గరో మేనత్త దగ్గరో అరగంట వదిలిపెట్టండి, తర్వాత గంట, తర్వాత రెండు గంటలు. పోయేటప్పుడు చెప్పి పోండి. పిల్ల ఆటలో ఉండగా దొంగచాటుగా జారుకుంటే ఆ పూట ఏడుపు తప్పుతుంది గానీ, మరునాటి నుంచి పిల్ల కన్ను ఆట మీద ఉండదు, మీ కొంగు మీద ఉంటుంది. చెప్పిన వేళకు రండి. ఎన్ని బీడీలు మిగిలి ఉన్నా సరే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

నిద్ర మాట ఎవరూ ఎత్తరు. మన ఇండ్లలో సాంచాల చప్పుడు, రాత్రి పాళీకి పోయేవాళ్ల రాకపోకలు, టీవీ. పిల్ల పడుకునేసరికి పదకొండు. రెండేండ్ల పిల్లకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడు దాటాక 10 నుంచి 13. పదకొండుకు పడుకున్న దాన్ని ఆరున్నరకు లేపి రిక్షా ఎక్కిస్తే అది అక్కడ ఏడ్వక ఏం చేస్తుంది? బడిలో వేసే ముందు నెల రోజులు పడుకునే వేళ ముందుకు జరపండి. అది కుదరని ఇల్లయితే పొద్దున ఏడున్నర బడి కాకుండా పదింటికి తెరిచే అంగన్‌వాడి చూసుకోండి. టీకాల కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే టీకాలు మన దగ్గర చాలామంది మరిచిపోతారు. పిల్లలు గుంపులో చేరిన మొదటి నెలల్లో జలుబులు, జ్వరాలు ఎక్కువే వస్తాయి, దానికి కంగారుపడి మానిపించొద్దు.

వేశాక ఏడిస్తే? ఏడుస్తారు. ఏడ్చినంత మాత్రాన తయారు కాలేదని కాదు. మీరు పోయాక ఎంతసేపు ఏడ్చింది అని అడగండి. పది పదిహేను నిమిషాలకు ఊరుకొని బొమ్మ పట్టుకుంటే భయం లేదు. రెండు మూడు వారాలైనా పూటంతా ఏడుస్తుంటే, అక్కడ తినకపోతే, తాగకపోతే, మానిన పక్క తడుపుడు మళ్లీ మొదలైతే, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే, వచ్చిన మాటలు తగ్గితే, మొండితనం అనుకోకండి. కొన్ని నెలలు వెనక్కి తీసుకోండి. ఒక ఏడు పోతే పిల్ల బతుకేం పోదు.

ఒక్క సంగతిలో మాత్రం ఆగొద్దు. మూడేండ్ల పిల్లగాడికి మాటలు రావడం లేదని, "బడిలో వేస్తే పిల్లలను చూసి అవే వస్తయి" అని ఒక తల్లి మా దగ్గరికి తెచ్చింది. వాడు పాటకు తల ఊపడు, పేరు పెట్టి వెనక నుంచి పిలిస్తే తిరగడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు అంగన్‌వాడికి ఏటా రెండుసార్లు వస్తారు. వాళ్లు చూసి పెద్ద దవాఖానకు రాశారు. చెవుల పరీక్ష చేస్తే వినికిడి తక్కువని తేలింది. మిషను పెట్టాక, మాటల నేర్పు మొదలయ్యాక వాడు మమ్మల్ని పేర్లతో పిలిచాడు, నన్నయితే "కిచ్చీ" అని. రెండేండ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే తిరగకపోతే బడి కోసం ఎదురుచూడకుండా ముందు చూపించాలి.

మా చిన్నోడిని 2000 జూన్‌లో, మూడేండ్ల నాలుగు నెలలకు, మా గల్లీ అంగన్‌వాడిలో వేశాను. నాలుగు రోజులు ఏడ్చాడు, అయిదో రోజు నేను వచ్చేసరికి ఇంటికి రానన్నాడు. ఇప్పుడు అక్కల్‌కోట్ రోడ్డులో ఒక కార్ఖానాలో మెకానిక్. అప్పటి సంగతి వాడికి గుర్తు లేదు. నీళ్లు మాత్రం ఎవరైనా గుర్తుచేస్తేనే తాగుతాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ, గ్లాసు అందించేటప్పుడల్లా నాకు ఆ ఏడు గుర్తొస్తుంది.

మా బిడ్డకు ఇప్పుడు ఒక కొడుకు, రెండేండ్ల పది నెలలవాడు. అది యూనిఫాంలు కుట్టే కార్ఖానాకు పోతుంది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. మొన్న వసంత పంచమికి వాణ్ణి బాసర తీసుకుపోయి బియ్యంలో రాయించుకొచ్చారు. ఇక జూన్‌లో బడే అని అల్లుడు పట్టు. అక్షరాభ్యాసం అయిందని మర్నాడే బలపం పట్టాలని సరస్వతమ్మ కూడా అనదు గానీ, అల్లుడితో వాదన ఎందుకని ఊరుకున్నాను. బిడ్డ మాత్రం వచ్చి కూర్చున్నది.

"అమ్మా, వీడు తయారైండంటవా?"

"చెప్తడా, ఒంటికి వస్తే?"

"చెప్తడు. శూ అని నేర్పిన. నువ్వు నేర్పమన్నవి నాలుగు నేర్పిన."

"నేనొక్కదాన్నే ఉంటే ఉంటుండు కద మొన్న. ఏడ్వలేదు."

"నీ దగ్గర ఉంటడే. కొత్తోళ్ల దగ్గర?"

ఏప్రిల్‌లో ఒకరోజు వాణ్ణి అంగన్‌వాడికి తీసుకుపోయాం. సేవిక తాయీ నా పాత తోడే. గంటసేపు తలుపు దగ్గర నిలబడి చూశాం. మొదట నా కాళ్లు పట్టుకున్నాడు. ఆ తర్వాత గోలీల డబ్బా చప్పుడుకు లోపలికి పోయాడు. ఒక పిల్ల చేతిలోంచి డబ్బా గుంజుకున్నాడు, ఆ పిల్ల వీణ్ణి గిచ్చింది, ఇద్దరూ ఏడ్చారు. తాయీ ఎత్తుకుంటే ఊరుకున్నాడు. మా బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఉంది. వాడు ఊరుకున్నాక వదిలింది.

జూన్‌లో మొదటి వారం రోజుకు గంట, రెండో వారం ఖిచిడి దాకా, కుదురుకుంటే పూర్తి పూట అని తాయీ చెప్పింది. కుదురుకోకపోతే దీపావళి దాటాక చూద్దాం అన్నది. అంగన్‌వాడి విడిచేది మధ్యాహ్నం. కార్ఖానా విడిచేది ఆరింటికి. నడుమ వాణ్ణి ఎవరు చూడాలనే ప్రశ్న మళ్లీ వచ్చింది.

"నేను తెచ్చుకుంట," అన్నాను. "బీడీలు వెయ్యి నుంచి అయిదు వందలకు తగ్గిస్త."

బిడ్డ వేళ్లు మడిచి ఏదో లెక్క వేసింది. "ఆ అయిదు వందల పైసలు నెలనెల నేనిస్తనే అమ్మా," అన్నది.

"ఇయ్యి," అన్నాను. "వద్దన్ననా?"